పటం కింద పెన్సిలు రాత

మా కొట్టుకి ఏ పటం వచ్చినా ముందు దాని కింది అంచు కోసేవాళ్ళం. అందులో తప్పేమీ లేదు. గుంటూరులో దేవుళ్ళు చాలామంది క్యాలెండర్ల మీదనే ఇళ్ళకు వస్తారు. మిర్చి కమిషన్ కొట్లవాళ్ళు, ఎరువుల దుకాణాలవాళ్ళు, పత్తి విత్తనాలవాళ్ళు కొత్త సంవత్సరానికి పంచే క్యాలెండర్లలో పైన లక్ష్మీదేవి నిలబడి ఉంటుంది. ఆవిడ పాదాల కింద షాపు పేరు, ఫోను నంబరు, ఒక్కోసారి పురుగుమందు డబ్బా బొమ్మ. ఏడాది తిరిగాక తేదీల కాగితాలు చింపేసి, ఆ బొమ్మను చుట్టచుట్టి పటం కట్టమని మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. పురుగుమందు డబ్బాకి దణ్ణం పెట్టుకోవాలని ఎవరికీ ఉండదు. అందుకని మా నాన్న ఎవరూ అడక్కుండానే ఉక్కు బద్ద ఆనించి, బ్లేడుతో ఒక్క లాగులో ఆ రాతను లేపేసేవాడు. "కింద రాత ఉంటే అది ప్రకటన. రాత పోతేనే పటం" అనేవాడు. అంత నమ్మకంగా ఆయన ఇంకే విషయమూ చెప్పగా నేను వినలేదు.

కొట్టు పట్నం బజారుకు పోయే ఒక సందులో ఉండేది. ఒక పక్క స్టీలు సామాన్లు, ఇంకో పక్క అగరొత్తులు, ఎదురుగా గాజుల అంగడి. ఆ సందు పిల్లలకు ఎక్కాలకన్నా ముందు మొహం పెట్టడం వచ్చేది. అవతలివాడు ధర అనగానే దగ్గరి బంధువు పోయిన కబురు విన్నట్టు మొహం పెట్టాలి. నేను ఆ విద్యలో మా సందుకే పేరు తెచ్చాను. పెళ్ళయి రెండు సందుల అవతల కాపురం పెట్టాక కూడా పొద్దున తొమ్మిదికల్లా కొట్లో ఉండేదాన్ని. కాపురంకన్నా బేరమే బాగా చేస్తావని మా ఆయన అనేవాడు. 

బేరంలో నన్ను ఓడించిన మనిషి ఒక్కతే. ఆవిడ ఐర్లాండు నుంచి వచ్చిన సిస్టరమ్మ. ఇరవై ఏళ్ళు నిండగానే ఓడెక్కి వచ్చి, తర్వాత జీవితమంతా గుంటూరు ఆడపిల్లలకు లెక్కలు చెప్పింది. తెల్లటి మనిషి, మోచేతుల దాకా ఎండకు కమిలిన మచ్చలు. తెలుగు మాత్రం మా వీధిలో కొన్నట్టే ఉండేది. బళ్ళోకి కావలసిన ఏసుప్రభువు పటాలు, మేరీమాత పటాలు మా దగ్గరే కట్టించేది. పటం అంచుకి వేసే బీడింగును గోటితో గీకి చూసి, అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఏందమ్మాయ్, ఇది చెక్కేనా, చెరుకు పిప్పా?" అనేది. నేను ఎంత చెబితే అందులో సగం అనేది. ఆ సగానికి ఒప్పుకున్నాక కొక్కేలూ తాడూ ఉత్తినే అడిగేది. నేను మొహం పెట్టేదాన్ని. ఆవిడ అంతకన్నా పెద్ద మొహం పెట్టేది.

కొత్త శతాబ్దం వచ్చి మూడు నాలుగేళ్ళయిన రోజులు. మిరపకాయల కాలం. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే కొట్లో కూర్చున్న మాకు కూడా ముక్కు మండేది. అలాంటి ఒక ఉదయం సిస్టరమ్మ చంకలో పొడుగాటి అట్టగొట్టం పెట్టుకుని వచ్చింది. ఐర్లాండులో ఉన్న అన్న కూతురు పంపిందట. గొట్టం మూత తీసి, అయిదు బొమ్మల కాగితాలు బల్ల మీద పరిచింది. అవి చుట్ట విప్పుకోకుండా మొండికేస్తుంటే నాలుగు మూలలా మేకుల డబ్బాలు పెట్టాం.

సంగతి ఏమిటంటే, అక్కడ ఒక చిత్రకారిణి ఉంది. ఐర్లాండు వదిలి దేశాలు పట్టుకుపోయిన ముసలివాళ్ళను వెతికి పట్టుకుని, మీ ఇంటి గురించి మీకు గుర్తున్నది రాసి పంపండి అని ఉత్తరాలు రాసింది. వచ్చిన జవాబుల్లోంచి ఒక్కోదానికి ఒక్కో బొమ్మ చెక్క మీద చెక్కి, సిరా పూసి, చేత్తో అచ్చు తీసింది. ఒక్కో బొమ్మ డెబ్బై అయిదు కాపీలే. తర్వాత ఆ చెక్కల మీద అడ్డంగా గీతలు కొట్టి పాడుచేసేసింది, ఇక ఎవరూ అచ్చు తీయకుండా.

నేను పగలబడి నవ్వాను. గిరాకీ ఉండగానే అచ్చును తనే విరగ్గొట్టుకున్న వ్యాపారిని నేను అప్పటిదాకా చూడలేదు. ఇక బొమ్మలంటారా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఒకదాంట్లో మట్టి లేకుండా పేర్చిన రాళ్ళ గోడ. అలాంటివి మా పల్నాడు వైపు బస్సు కిటికీలోంచి టిక్కెట్టు ఖర్చుకే మైళ్ళకొద్దీ కనిపిస్తాయి. ఇంకోదాంట్లో గొలుసుకు వేలాడే కెటిలు. ఇంకోదాంట్లో వాన, బంగాళాదుంప బోదెలు. నాలుగోదాంట్లో ఓడ, రేవులో జేబురుమాలు ఊపే చెయ్యి. చేతికి మనిషి లేడు. అయిదోదాంట్లో ఒక తలుపు. అదైనా పూర్తి తలుపా అంటే కాదు, కింది సగమే మూసి ఉంది, పై సగం తెరిచి ఉంది. గడప దగ్గర మూడు కోళ్ళు. రంగు చూస్తే అంతా బూడిదా, తెలుపూ. మా సందులో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, బంగారు పూత లేని బొమ్మ అమ్ముడుపోదని.

"కలప చాలక సగం తలుపు పెట్టుకున్నారా సిస్టరమ్మా?" అన్నాను.

"కోళ్ళు రాకుండా. పిల్లలు పోకుండా" అంది ఆవిడ. ఆ తలుపు బొమ్మ తను రాసిన ఉత్తరంలోంచి వచ్చిందని, అది వాళ్ళింటి తలుపేనని, దానికి ఒకటో నంబరు కాపీని తనకే పంపారని కూడా చెప్పింది. తెల్లటి గోడ మీద వేలు పెట్టి, అది సున్నం వేసిన గోడే అంది. మన పిడుగురాళ్ళ సున్నం తడిపినప్పుడు లేచే వాసన మొట్టమొదట పీల్చినప్పుడు, తను గుంటూరులో ఉన్న సంగతి మర్చిపోయిందట. నేను అవునవును అన్నాను. అప్పటికి నా బుర్ర డెబ్బై అయిదు అనే అంకె దగ్గర ఆగిపోయి ఉంది. మిరపకాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాడు కూడా సరుకు తక్కువుందని చాటిస్తాడు గానీ, ఉన్నదాన్ని తగలబెట్టడు. అచ్చు పాడుచేసుకుందంటే ఈ చిత్రకారిణి పిచ్చిదయినా అయుండాలి, నాకన్నా ముదురయినా అయుండాలి.

కొలతలు తీయాలి, గొట్టం వదిలి వెళ్ళమని చెప్పి ఆవిణ్ణి పంపేశాను. సాయంత్రం సందు చివర కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, గొట్టం మీది చిత్రకారిణి పేరు కొట్టించాను. బొమ్మలు మెల్లగా పైనుంచి కిందికి, తెర లాగినట్టు దిగాయి. కింద ధర యూరోల్లో ఉంది. ఆ సెంటరు నడిపే అబ్బాయి రూపాయల్లోకి మార్చి చెప్పాడు. నేను ఇంకోసారి మార్చమన్నాను. రాళ్ళ గోడకి, రాళ్ళ గోడ బొమ్మకి! పక్కన ఆ బొమ్మల గురించి ఏదో రాసి ఉంది. దూరంగా ఉన్నవాళ్ళ గుండెల్లో తడి, నేల పిలుపు, అలాంటివి. నాకు ఒళ్ళు మండింది. ఊరు వదిలిపోయిన ముసలాళ్ళ దగ్గర దిగులు ఉత్తినే పోగుచేసుకుని, దానికి నంబర్లు వేసి అమ్ముతోంది. ఇన్నేళ్ళూ కొట్లో కూర్చున్న మాకు ఆ సరుకు కనపడనే లేదే అని ఇంకాస్త మండింది.

మర్నాడు సిస్టరమ్మ వచ్చేసరికి నేను నా మొహం సిద్ధం చేసుకుని ఉన్నాను. అయిదు పటాలు కట్టాలంటే చాలా అవుతుందని, పైగా బెంగుళూరులో ముసలి సిస్టర్లు ఉండే ఇంటికి వెళ్ళిపోయే మనిషి అయిదు అద్దాలు మోసుకుపోతుందా అని నిట్టూర్చాను. ఆవిడ పది రోజుల్లో వెళ్ళిపోతోందని ఊళ్ళో అందరికీ తెలుసు. తలుపు పటం ఒక్కటీ మా కొట్లో ఉన్న మంచి టేకు బీడింగుతో, బొమ్మ చుట్టూ తెల్లటి మౌంటు అట్టతో, ఉత్తినే కట్టిస్తానన్నాను. మిగతా నాలుగూ నా దగ్గర వదిలేస్తే చాలు, ఏదో గుర్తుగా. 

"నువ్వు గుర్తులు పెట్టుకునే రకం కాదే" అంది ఆవిడ.

కొక్కేలూ తాడూ కూడా ఇస్తానన్నాను. ఒప్పుకుంది. ఇన్నేళ్ళకి ఆవిణ్ణి ఓడించానని మధ్యాహ్నం అన్నంలో ఒక ముద్ద ఎక్కువ తిన్నాను.

ఆ మర్నాడు బీడింగు కోసం విజయవాడ వెళ్ళాను. వెళ్ళేముందు నాన్నతో, గొట్టంలోవి కొలిచి తలుపు బొమ్మకి ఫ్రేము కట్టమని, మిగతావి జాగ్రత్తగా పెట్టమని చెప్పాను. ఏ రకం జాగ్రత్తో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆ కొట్లో పుట్టిన నాకు జాగ్రత్త అంటే చెద పట్టకుండా చూడటం, అంతే.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. సిస్టరమ్మ కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. నాన్న లోపల బంక కలుపుతున్నాడు. ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, ఎప్పుడూ లేనిది, మెల్లగా మాట్లాడింది. ఆ తలుపు బొమ్మ కింద తెల్లటి జాగాలో పెన్సిలుతో నంబరూ సంతకమూ కాక ఒక వాక్యం కూడా ఉందట. తను ఇంట్లోంచి బయల్దేరిన రోజు వాళ్ళ అమ్మ అన్న మాట. ఆ మాట తను ఉత్తరంలో రాసింది, చిత్రకారిణి దాన్ని బొమ్మ కింద రాసిందని అన్న కూతురు రాసింది. తర్వాత వాళ్ళ అమ్మను ఆవిడ చూడలేదు. రెండు కళ్ళకీ పొర వచ్చి ఆ సన్న పెన్సిలు గీతలు ఆనడం లేదు. కాన్వెంటులో ఎవరితోనైనా చదివించుకోవచ్చు గానీ, చదివించుకోదు.

"పటం కట్టినాక గోడకి పెట్టి, భూతద్దంతో నేనే చదువుకుంటా. ఆ మాట కాగితం మీద నేనెప్పుడూ చూళ్ళేదు" అంది.

నేను లోపలికి వెళ్ళాను. తలుపు బొమ్మ బల్ల మీద ఉంది. నాలుగు వైపులా తీరుగా, గీత గీసినట్టు ఉంది. కింద తెల్ల జాగా లేదు. మిగతా నాలుగింటి అంచులూ అలాగే కోసి ఉన్నాయి.

నాన్నకు నా మొహం అర్థం కాలేదు. కాగితం అంచులన్నీ ఎలక కొరికినట్టు ఉన్నాయని, అంత మందపాటి కాగితం అమ్మేవాళ్ళకు తిన్నగా కొయ్యడం కూడా రాలేదని, తనే సరిచేశానని చెప్పాడు. కింద ఏదో గీకి ఉంటే, ఎప్పట్లాగే. ఆ ఎలక కొరుకుడు అంచుకోసమే అక్కడివాళ్ళు ఎక్కువ డబ్బిస్తారని నేను ఇంటర్నెట్లో చదివి వచ్చాను. ఆ సంగతి ఆయనకు చెబితే నన్నే ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు.

బయటికి వచ్చి, పటం ఇంకా రెండు రోజులు పడుతుందని, బంక ఆరాలని సిస్టరమ్మకు చెప్పాను. నా గొంతు నాకే నచ్చలేదు. ఆవిడ సరేనంది. బేరం లేకుండా ఆవిడ ఒప్పుకోవడం అదే మొదలు.

ఆ పైన నేను చేసిన పని, వ్యాపారుల ఇంట పుట్టినవాళ్ళకు మాత్రమే అంత చప్పున తడుతుంది. రెండు పెన్సిళ్ళు కొని, చిత్తుకాగితం మీద ఒకటి బై డెబ్బై అయిదు అని రాయడం మొదలుపెట్టాను. ఇంటర్నెట్లో చూసిన సంతకం గుర్తుచేసుకుంటూ దాన్ని కూడా వంకర్లు తిప్పాను. పావుగంటలో ఐర్లాండు చిత్రకారిణికన్నా నేనే బాగా పెడుతున్నాను. నాన్న భుజం మీంచి చూశాడు.

"ఇన్నాళ్ళూ గాజు అమ్మాం, బీడింగు అమ్మాం. ఇప్పుడు దొంగసంతకాలు కూడా పెడదామా?" అన్నాడు.

నేను పెన్సిలు కింద పెట్టాను. అసలు చిక్కు సంతకం కాదు. ఆ వాక్యం ఏమిటో నాకు తెలియదు. కోసినవాడు చదవలేదు, చదవాల్సినావిడకు కనపడలేదు, బేరం చేసిన నేను దాని వంక చూడనే లేదు. నాలుగు దశాబ్దాల కిందట ఒక తల్లి అన్న మాటను, నా అంత తెలివైనదయినా ఊహించి రాయలేదు. రాసి దొరికిపోతే, దొరికిపోయేది ఆవిడ ముందు.

కోసిన ముక్కలు ఎక్కడ వేశావని అడిగాను. మా కొట్లో ఏ కాగితమూ పారెయ్యరు. పటం వెనక అట్టకీ చెక్కకీ మధ్య సందు ఉంటుంది, బొద్దింకలు దూరకుండా దాని మీద కాగితం పట్టీలు మైదా బంకతో అంటిస్తారు. మామూలుగా పాత న్యూస్‌పేపరు వాడేవాళ్ళం. ఆ రోజు దొరికిన కాగితం గట్టిగా ఉందని నాన్న ముచ్చటపడి, ఆ అయిదు పట్టీలూ ఒక పెద్ద వేంకటేశ్వరస్వామి పటం వెనక అంటించాడు. ఆ పటం మధ్యాహ్నమే ప్రత్తిపాడు వెళ్ళిపోయింది. కొత్త ఇల్లు కట్టుకున్న ఒక మిరప రైతు కుటుంబం కొన్నది.

మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. సంచిలో కొత్త అట్ట, మేకులు, కటింగ్ ప్లేయరు, గుడ్డ, చిన్న డబ్బాలో నీళ్ళు కూడా పెట్టుకున్నాను, అక్కడ నీళ్ళు దొరకవన్నట్టు. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ముందు కళ్ళం నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ ఇంటావిడ ముక్కుకి కొంగు చుట్టుకుని తాలుకాయలు ఏరుతోంది. ఆయన యార్డుకు వెళ్ళాడట. నేను తుమ్ముతూనే సంగతి చెప్పాను. అంటే నిజం చెప్పలేదు. మీ పటం వెనక అట్ట పాతది పడింది, మార్చి పోదామని వచ్చానన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసింది. నిన్ననే పూజ చేసి, హారతిచ్చి, గోడకి ఎక్కించిన స్వామిని దించేది లేదంది. అద్దం కూడా కొత్తది వేస్తానన్నాను. ఆలోచించింది. బీడింగు ఇంతకన్నా వెడల్పుది, బంగారు పూలది కావాలంది. సరేనన్నాను. పక్కన అలమేలుమంగ పటం కూడా ఉంటే బాగుంటుందంది. సరేనన్నాను.

అక్కడే చెడింది. ఆవిడ కొంగు ముక్కు మీంచి తీసింది.

"ఏమ్మా, గుంటూరు కొట్టుదానివి. నేనడిగిందల్లా ఇస్తానంటున్నావే. ఏముంది నా స్వామి వెనకాల?" అంది.

బేరమాడకుండా ఒప్పుకున్నవాణ్ణి ఎవరూ నమ్మరని మూడేళ్ళప్పుడు నేర్చుకున్నాను. ముప్పై మూడేళ్ళప్పుడు మర్చిపోయాను. ఆవిడకు నోట్ల కట్టో, ఎవరి ఇంటి దస్తావేజో కనిపిస్తున్నట్టుంది. ఇక దించనే దించనంది. అప్పుడు నాకు వేరే దారి లేక నిజం చెప్పాను. ముసలి సిస్టరమ్మ గురించి, కోసిన అంచు గురించి, వాళ్ళమ్మ మాట గురించి. నా నిజం నా అబద్ధంకన్నా నాసిరకంగా ఉంది. ఆవిడ ఒక్క ముక్క నమ్మలేదు. కానీ చూడాలనిపించింది.

అలమేలుమంగ వద్దు, బంగారు బీడింగు మాత్రం ఇస్తాను, అద్దం పాతదే ఉంటుంది అని మళ్ళీ మొదటి నుంచీ బేరం పెట్టాను. ఆవిడ మొహం కాస్త తేలికపడింది. పావుగంట గట్టిగా అరుచుకున్నాం. చివరికి బీడింగు, అద్దం రెండూ ఆవిడకి, మంగ నాకు మిగిలింది. అప్పుడు దించడానికి ఒప్పుకుంది.

దించాక ఇంకో చిక్కు. వెనక పట్టీలు ఊడదియ్యాలంటే పటాన్ని బోర్లించాలి. స్వామిని బోర్లా పడుకోబెట్టడానికి ఆవిడ ససేమిరా అంది. చివరికి ఆవిడే పీట మీద కూర్చుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పటాన్ని ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంది, స్వామి మొహం ఆవిడ వైపు. నేను వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో బంక నానబెడుతూ, గోటితో పట్టీలు ఒలిచాను. ఆవిడ మధ్య మధ్యలో తండ్రీ తప్పు కాయి అంటోంది. అది నా తప్పుకా, ఆవిడ తప్పుకా తెలియలేదు. నాన్న బంక అంటే మామూలు బంక కాదు. ఆయన మీద ఆ రోజు వచ్చినంత కోపం నాకు మళ్ళీ రాలేదు.

మూడో పట్టీ మీద ఒకటి బై డెబ్బై అయిదు కనిపించింది. పెన్సిలు కాబట్టి తడికి చెదరలేదు. నంబరు పక్కన ఒక వాక్యం, సన్నటి వాలు అక్షరాలు. ఆవిడ పటం మీంచి తొంగిచూసి, ఏం రాసుందో చదవమంది. చదివి తెలుగులో చెప్పాను. బిడ్డా, ఈ ఇంటి తలుపు నీ కోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

"సినిమా తల్లిలాగుందే" అంది ఆవిడ, పెద్దగా మెచ్చుకోలు ఏమీ లేకుండా. నోట్ల కట్ట లేదని తేలాక నా మీద ఆవిడకి ఆసక్తి పోయింది. బంగారు బీడింగు ఎప్పుడు తెస్తావని మాత్రం రెండుసార్లు అడిగింది.

తిరుగు బస్సులో ఆ పట్టీలను పుస్తకంలో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. మిగతా నాలుగు పట్టీలూ ఒలిచి తెచ్చాను కదా, వాటి లాభం ఇంకా పోలేదని నా బుర్ర లెక్క వేస్తూనే ఉంది. గుంటూరులో దిగగానే, ఇంటర్నెట్లో దొరికిన హైదరాబాదు బొమ్మల దుకాణానికి ఫోను చేశాను. అంచు కోసిన కాపీలు, అంచులు విడిగా ఉన్నాయి, అంటించి ఇస్తాను అన్నాను.  అవతలి మనిషి మర్యాదగానే, అమ్మా, వాటిని మీ ఇంట్లోనే పెట్టుకోండి అన్నాడు. చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉన్నాయి. రాళ్ళ గోడ బొమ్మ చూసి మా అత్తగారు ఇది ఎవరి సమాధి అని అడిగేది.

తలుపు పటం మాత్రం మా కొట్టు చేసిన పనుల్లో అన్నిటికన్నా శుభ్రంగా కట్టాం. బొమ్మ చుట్టూ వెడల్పుగా తెల్ల మౌంటు అట్ట, బొమ్మ కింద అదే వరసలో ఆ పట్టీ అంటించి, అతుకు కనపడకుండా నాన్న ఇసకకాగితం కూడా తిప్పాడు. ఆయన తప్పు ఒప్పుకోలేదు. పని మాత్రం తప్పు చేసినవాడు చేసినంత శ్రద్ధగా చేశాడు.

సిస్టరమ్మ వెళ్ళిపోయే ముందురోజు సాయంత్రం కాన్వెంటుకు తీసుకెళ్ళాను. ముందుగదిలో ఇనప ట్రంకు పెట్టె ఒకటి తాడు కట్టి ఉంది. అంతే సామాను. ఆవిడ పటాన్ని కిటికీ దగ్గర బల్ల మీద నిలబెట్టి, మొదట చేత్తో తడిమింది. అద్దం లేదు ఇంకా. చదివాక వేస్తానని విడిగా తెచ్చాను. వేలు అతుకు దగ్గర ఆగింది.

"కోశారా?" అంది.

కోశామన్నాను. ప్రత్తిపాడు సంగతి, బంక సంగతి చెప్పాను. దొంగసంతకం సంగతి చెప్పలేదు. ఆవిడ భూతద్దం తీసి, కంటికి ఆనించి, బొమ్మ మీదికి వంగింది. తల ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిగింది. మళ్ళీ మొదటికి వచ్చి జరిగింది. నేను మంచి పని చేసి వచ్చినదానిలా నిలబడి ఉన్నాను. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే ఎలా ఉండాలో ఆ మొహం కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ భూతద్దం దించింది.

"మా అమ్మ ఇట్టా అన్లేదు" అంది.

నాకు అర్థం కాలేదు.

"నేను పెట్టె పట్టుకుని బయటికొచ్చా. ఆమె పిండి పిసుకుతా ఉంది. తల ఎత్తలా. తలుపేసి పో, కోళ్ళు లోపలికొస్తాయి అంది. అంతే. అదే ఉత్తరంలో రాశా. ఈమె," అని ఆగి, పట్టీ మీద వేలితో కొట్టింది, "ఈమెకి అది సరిపోలా."

అన్ని వేల మైళ్ళ అవతల ఉన్న ఆ చిత్రకారిణిని నేను అప్పుడు తిట్టిన తిట్లు మా సందులో కూడా ఎవరూ వాడరు. ఆమె కోళ్ళను మూడింటికి మూడూ బతికున్నట్టే చెక్కింది. తలుపు సగం మూసే చెక్కింది. మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలుపు బార్లా తెరిచేసింది, కొనేవాళ్ళు లోపలికి రావాలని. వ్యాపారం తెలియని పిచ్చిదనుకున్నాను. వ్యాపారం నాకే తెలియదు.

సిస్టరమ్మ మొహంలో ఏడుపు లేదు. లెక్క తప్పు చేసిన పిల్ల పలక చూస్తున్నట్టు ఉంది.

"ఇది తీసెయ్" అంది.

ఆ పట్టీ పోతే నంబరు పోతుందని, నంబరు పోతే ఈ బొమ్మకి విలువ ఉండదని నోటిదాకా వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. సంచిలోంచి బ్లేడు తీసి, అతుకు దగ్గర పెట్టి, పట్టీని మెల్లగా లేపాను. ఇసకకాగితం పట్టిన చోట కొంచెం పొర లేచింది. కింద తెల్ల అట్ట మిగిలింది.

ఆవిడ జేబులోంచి నీలం బాల్ పెన్ను తీసింది. ఇన్నేళ్ళూ పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన పెన్ను. అట్ట మీద, కోళ్ళ కింద, తనకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో, గట్టిగా ఒత్తి రాసింది. కోళ్ళు లోపలికొస్తాయన్న వాళ్ళమ్మ మాటను ఇంగ్లీషులోనే రాసింది. వరస తిన్నగా రాలేదు, కుడివైపు పైకి ఎక్కిపోయి, చివరి అక్షరం ఒక కోడి కాలికి తగిలింది. భూతద్దం పెట్టి ఒకసారి చదువుకుంది. తర్వాత పెన్ను మూత పెట్టింది.

నేను అద్దం వేసి, వెనక అట్ట బిగించి, మేకులు కొట్టాను. పట్టీ అంటించడానికి కాన్వెంటు వంటగదిలోంచి పాత పేపరు తెచ్చారు. ఆవిడ పటం తిప్పి వెనకంతా తడిమి చూసింది. కొక్కెం ఒకటి పక్కకి పడిందని, గోడకి పెడితే పటం వంకరగా వేలాడుతుందని, ఇట్టాంటి పని గుంటూరులో చెల్లుతుందేమోగానీ బెంగుళూరులో చెల్లదని అంది. కొక్కెం పీకి, మళ్ళీ కొట్టాను.